వలస కూలీకి రక్షణ ఎక్కడ ఆగిపోతోంది?

'బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి' అనే మాట ఉత్తర తెలంగాణ పల్లెల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఊళ్లో బతుకుతెరువు లేనివాడికి మిగిలిన దారులు ఆ మూడే అని దాని అర్థం. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, కామారెడ్డి, నిర్మల్ ప్రాంతాల నుంచి మగవాళ్లు భవన నిర్మాణ పనులకు పోతున్నారు. కడప, గోదావరి జిల్లాల నుంచి ఆడవాళ్లు కువైట్ లాంటి చోట్లకు ఇళ్ల పనికి పోతున్నారు. వీరిలో చాలామంది మనతోపాటు నాట్లకూ కోతలకూ వచ్చినవారే, ఎకరం అరెకరం సాగుచేసి అప్పులపాలైనవారే. కాబట్టి ఇది విమానమెక్కేవాళ్ల గొడవ, వ్యవసాయ కార్మిక సంఘానికి దీంతో పనేమిటి అనుకోవడానికి వీల్లేదు.

ఇలా పోయే కూలీని కాపాడటానికీ, అతనికి సక్రమమైన ఉపాధి చూపటానికీ కేంద్ర ప్రభుత్వానికి ఒక యంత్రాంగం ఉంది. దాని అధికారి పేరే 'ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్', అంటే వలసపోయేవారి రక్షకుడు. ఈ రక్షణ ఎవరి దాకా వస్తోంది, ఎవరి దగ్గర ఆగిపోతోంది అనేది మనం పరిశీలించాలి.

చట్టంలో ఏమున్నది?

బ్రిటిషువాళ్లు 1922లో చేసిన వలస చట్టం స్థానంలో పార్లమెంటు 1983లో కొత్త చట్టం చేసింది. ఢిల్లీలో ప్రొటెక్టర్ జనరల్, హైదరాబాద్‌తో సహా కొన్ని నగరాల్లో ఆయన కింది కార్యాలయాలు ఏర్పడ్డాయి. మొదట ఇది కార్మికశాఖ కింద ఉండేది. 2016 నుంచి విదేశాంగశాఖ కిందికి పోయింది. కూలీల రక్షణ కార్మికశాఖ చేతిలోంచి జారిపోవడం చిన్న విషయమేమీ కాదు.

పదో తరగతి పాసుకానివారి పాస్‌పోర్టు మీద ఇ.సి.ఆర్. అని ముద్ర పడుతుంది. అలాంటివారు గల్ఫ్ దేశాలతో కలిపి 18 దేశాలకు పనికి పోవాలంటే ప్రొటెక్టర్ అనుమతి తీసుకోవాలి. అనుమతి ఇచ్చే ముందు యజమాని ఎవరు, జీతమెంత, పనిగంటలెన్ని, బస ఎక్కడ అని ఒప్పందం చూడాలి. మనుషుల్ని పంపే ఏజెంటుకు రిజిస్ట్రేషన్ ఉండాలి. అతను కూలీ దగ్గర 30,000 రూపాయలు, దానిమీద పన్ను తప్ప ఎక్కువ తీసుకోరాదు. 10 లక్షల రూపాయల బీమా తప్పనిసరి. దాని ప్రీమియం రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయలు, పన్ను అదనం. ఇ.సి.ఆర్. ముద్ర ఉన్న ఆడవాళ్లకు 30 ఏళ్లు నిండనిదే అనుమతి ఇవ్వరు. ఆపదలో చిక్కినవారి కోసం 2009లో రాయబార కార్యాలయాల్లో ఒక సంక్షేమ నిధి కూడా పెట్టారు.

ఈ ఏర్పాట్లను తీసిపారేయడం తప్పు. చేతిలో ఒప్పంద పత్రం ఉన్న కూలీకీ, ఏ కాగితమూ లేని కూలీకీ పరాయిదేశంలో చాలా తేడా ఉంది. జీతం ఎగ్గొడితే అడగడానికి మొదటివాడికి ఒక ఆధారం ఉంటుంది. రెండోవాడికి ఏమీ ఉండదు.

గేటు దాకా రాని మనిషి

ఈ రక్షణంతా ఒకే గేటు దగ్గర కాపలా కాస్తోంది. పనివీసా మీద, అనుమతి తీసుకుని పోయేవాడికే అది వర్తిస్తుంది. విజిట్ వీసా మీద పోయేవాడికి ప్రొటెక్టర్ అనుమతి అక్కరలేదు. అతను చుట్టపుచూపుగా పోతున్నట్టే లెక్క. ఒప్పందం ఎక్కడా నమోదు కాదు, బీమా ఉండదు. అక్కడ దిగి పనిలో చేరిన రోజునుంచే అతను ఆ దేశపు చట్టం ముందు దోషి. మనవాళ్లు 'ఖల్లివెల్లి' అని పిలిచేది ఇలాంటి బతుకునే. జీతం ఎగ్గొడితే ఫిర్యాదు చేయలేడు, జబ్బుచేస్తే ఆసుపత్రికి పోవడానికి జంకుతాడు. జైలు తప్పించుకోవడానికి ఆ దేశం ఎప్పుడు క్షమాభిక్ష ప్రకటిస్తుందా అని ఎదురుచూస్తాడు. చదువు తక్కువైనవాడి కోసం చేసిన చట్టం సరిగ్గా అతన్నే బయట వదిలేసింది.

తెలిసితెలిసి ఆ దారిలో ఎందుకు పోతున్నారని కొందరు పెద్దమనుషులు అడుగుతారు. రక్షకుడి కార్యాలయం నగరంలో ఉంది, ఏజెంటు మనిషి మాత్రం గడప ముందే ఉన్నాడు. అతను చాలాసార్లు ఊరివాడే, ఒక్కోసారి చుట్టమే. "ముందు విమానమెక్కు, అక్కడ వీసా మారుస్తాం" అంటాడు. బోరు ఎండి, అప్పులవాడు వాకిట్లో కూర్చున్న ఇంటికి ఆ మాట తియ్యగానే ఉంటుంది.

లక్ష రూపాయలు నూటికి 2 రూపాయల మిత్తికి తెచ్చాడనుకుందాం. నెలకు 2,000 రూపాయలు మిత్తికే పోతుంది. రిజిస్ట్రేషన్ లేకుండా మనుషుల్ని పంపే ఏజెంటుకు 1983 చట్టంలో పెట్టిన శిక్ష రెండేళ్ల దాకా జైలు, 2,000 రూపాయల దాకా జరిమానా. కూలీ ఒక్క నెల మిత్తి ఎంతో, అతన్ని మోసగించినవాడి గరిష్ఠ జరిమానా అంతే!

కూలి తగ్గించిన రక్షకుడు

మన కూలీలకు ఏ దేశంలో ఏ పనికి కనీసం ఎంత జీతం ఇవ్వాలో కేంద్ర ప్రభుత్వం రేట్లు ప్రకటిస్తుంది. అంతకంటే తక్కువ జీతానికి అనుమతి ఇవ్వరాదు. 2020 సెప్టెంబరులో, కరోనా కాలంలో, గల్ఫ్ దేశాలకు సంబంధించిన ఈ రేట్లను 30 నుంచి 50 శాతం దాకా తగ్గిస్తూ ఉత్తర్వులు వచ్చాయి. లక్షలాదిమంది పని పోగొట్టుకుని, చాలామంది రావలసిన జీతం కూడా వదులుకుని ఇంటికి తిరిగొస్తున్న సమయమది. రేటు ఎక్కువుంటే పనులు ఇతర దేశాల వారికి పోతాయి, మనవాళ్ల ఉపాధి నిలబెట్టడానికే తగ్గించాం అన్నది ప్రభుత్వం చెప్పిన కారణం.

ఈ మాట మనకు కొత్తదా? కోతల కాలంలో కూలి పెంచమంటే "పక్క ఊరివాళ్లు ఇంతకంటే తక్కువకే వస్తారు" అని ఆసామి బెదిరిస్తాడు. అదే మాట కూలీని రక్షించవలసిన ప్రభుత్వం నోట వచ్చింది. ఆసామి మాటకు లొంగి ఒక ఊరు కూలి తగ్గించుకుంటే పక్క ఊరు కూడా తగ్గించుకోవలసి వస్తుంది. చివరికి రెండు ఊళ్లూ ఆకలితో మిగులుతాయి. దేశాల మధ్య పోటీలోనూ జరిగేది ఇదే. కార్మికుల తరఫున నిరసనలు లేచాయి, తెలంగాణ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం పడింది. 2021 జూలైలో ప్రభుత్వం ఆ ఉత్తర్వులు వెనక్కి తీసుకుంది. నోరు విప్పితేనే పాత రేట్లు మళ్లీ వచ్చాయి.

చనిపోతే ఎవరిది బాధ్యత?

10 లక్షల బీమా ప్రమాదంలో చనిపోయినవారికీ, శాశ్వతంగా అంగవైకల్యం పొందినవారికీ మాత్రమే. మండుటెండలో రోజంతా పనిచేసి, రాత్రి పడుకుని, పొద్దున లేవనివాడి మరణం కాగితం మీద 'సహజ మరణం' అవుతుంది. అతని కుటుంబానికి ఆ 10 లక్షలు రావు. శవం ఇంటికి చేరుతుంది, అప్పు అలాగే ఉంటుంది. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షలు ఇస్తామని తెలంగాణ ప్రభుత్వం 2024 సెప్టెంబరులో ఉత్తర్వు ఇచ్చింది. ఇది మంచిదే. కాని చచ్చిన తర్వాత ఇచ్చే సాయం బతికున్నప్పటి రక్షణకు బదులు కాదు.

2024 జూన్ 12న కువైట్‌లోని మంగాఫ్‌లో కార్మికులు ఉండే భవనం తగలబడి 45 మంది భారతీయులు చనిపోయారు. వారిలో ముగ్గురు ఆంధ్రప్రదేశ్ వారు. వాళ్లు ఉన్నది కంపెనీ ఇచ్చిన బసలోనే. విమానం ఎక్కేలోగా కాగితాలు చూసినంతమాత్రాన రక్షకుడి పని అయిపోదని ఆ మంటలు చెప్పాయి.

మనం చేయవలసింది

1983 చట్టాన్ని మార్చడానికి విదేశాంగశాఖ 2025 అక్టోబరులో ఒక ముసాయిదా బిల్లు బయటపెట్టింది. చట్టం పేరు ఏదైనా మనం అడగవలసింది ఇది: వలస ఎక్కువగా ఉన్న ప్రతి జిల్లాలో రక్షణ కార్యాలయం ఉండాలి. ఊళ్లో డబ్బు వసూలుచేసే మనిషి తప్పుకు పైనున్న ఏజెంటు కూడా బాధ్యుడు కావాలి. సహజ మరణానికి కూడా బీమా వర్తించాలి. ఎగ్గొట్టిన జీతాలను రాయబార కార్యాలయం వసూలు చేయించాలి. ఈ విషయాలు నిర్ణయించే చోట కార్మికుల ప్రతినిధులు కూర్చోవాలి.

అంతదాకా చేతులు ముడుచుకుని కూర్చోలేం. గల్ఫ్ పోతున్నవాడు ఉన్న ప్రతి ఇంటికీ మన కార్యకర్తలు వెళ్లాలి. ఏజెంటు రిజిస్ట్రేషన్ నంబరు అడిగి, కేంద్ర ప్రభుత్వపు ఇ-మైగ్రేట్ వెబ్‌సైటులో సరిచూడాలి. విజిట్ వీసా అంటే ఏమిటో విడమరచి చెప్పాలి. పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం, బీమా కాగితాల నకళ్లు ఇంట్లో ఉంచమనాలి. రసీదు లేకుండా రూపాయి ఇవ్వవద్దనాలి.

ఇంకొక మాట. ఈ చట్టం కింద కేసు నడపాలంటే మామూలుగా కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి. కాని 1983 చట్టం ప్రకారం మోసపోయినవాడే ఫిర్యాదు చేసినా, అతని తరఫున తల్లి, తండ్రి, భార్య, భర్త, కొడుకు, కూతురు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు చేసినా ఆ అనుమతి అక్కరలేదు. పోలీసుస్టేషనులో "పైనుంచి పర్మిషన్ రావాలి" అని తిప్పి పంపితే ఈ సంగతి గట్టిగా చెప్పాలి. ఆ తల్లి ఒంటరిగా వెళితే చెప్పలేకపోవచ్చు. వెంట సంఘం నిలబడితే చెప్పగలుగుతుంది.