గోపురం చప్పుడు వినే నాథుడేడీ?

మా నాన్న తాపీ మేస్త్రీ. ఏ పాత గోడ దగ్గరికి వెళ్లినా తాపీ తిరగేసి, పిడితో నాలుగు చోట్ల తట్టి వినేవాడు. ‘‘ఇక్కడ గుల్లగా మోగుతోందమ్మా’’ అన్నాడంటే, అక్కడ పూత గోడను వదిలేసినట్టే. సంతలో కుండ కొనే ఇల్లాలు చేసేదీ అదే. విగ్రహానికి రాయి ఎంచే శిల్పులు కూడా తట్టి చూసి, అది పలికే తీరును బట్టి పురుషశిల, స్త్రీశిల, నపుంసకశిల అని విడదీస్తారు. ముప్ఫై ఏళ్లు పాత కట్టడాల మరమ్మతుల్లో గడిపిన ఇంజనీరుగా నా బాధ ఒక్కటే. అన్నిటినీ తట్టి చూసుకునే మనం గోపురాల దగ్గర మాత్రం బీట కంటికి కనిపించేదాకా ఆగుతున్నాం.

2010 మే 26 రాత్రి శ్రీకాళహస్తి రాజగోపురం కూలింది. 1516లో కృష్ణదేవరాయలు కట్టించింది. బీటలు పెద్దవవుతున్నాయని ముందే గమనించి చుట్టుపక్కల వాళ్లను ఖాళీ చేయించారు కాబట్టి ప్రాణనష్టం తప్పింది. వెనిస్‌లో సెయింట్ మార్క్ గంటగోపురం 1902 జులై 14న ఇలాగే కూలింది. అక్కడా బీట చూసి జనాన్ని తప్పించారు, గోపురం మాత్రం కుప్పయింది. కంటికి బీట ఆనేసరికి మనుషుల్ని దక్కించుకునే వ్యవధే మిగిలింది.

ఒక్కోసారి అదీ మిగలదు. ఇటలీలోని పావియాలో 1989 మార్చి 17న పాత నగర గోపురం హఠాత్తుగా కూలి నలుగురు చనిపోయారు. భూకంపం రాలేదు. శతాబ్దాల తరబడి సొంత బరువు మోసి మోసి, గోడ లోపల సన్నటి చీలికలు పెరుగుతూ వచ్చాయని తర్వాతి పరిశోధనల్లో తేలింది. పాతకాలపు మందపు గోడలు చాలావరకు ఒకే దిమ్మెగా ఉండవు. అటూ ఇటూ చక్కగా పేర్చిన వరసలు, నడుమ రాళ్లముక్కలూ సున్నమూ కూరిన పొట్ట. పైన మొలిచిన రావిమొక్క వేరు వెంట వాననీరు ఆ పొట్టలోకి దిగుతుంది, సున్నం కరిగిపోతుంది. బయటి వరసల మీద బరువు పెరుగుతుంది. బయట నుంచి చూసేవాడికి గోడ నిక్షేపంలా ఉంటుంది.

కానీ లోపల చీలిక సాగిన ప్రతిసారీ గోడ చప్పుడు చేస్తుంది. మన చెవికి సెకనుకు 20 వేల కంపనాలకు మించితే వినపడదు. ఈ చప్పుళ్లలో చాలావరకు ఆ హద్దు దాటినవే. రాతికి అంటించిన పీజోఎలక్ట్రిక్ సెన్సర్ వాటిని విద్యుత్ సంకేతాలుగా మార్చి లెక్కపెడుతుంది. దీన్నే అకౌస్టిక్ ఎమిషన్ అంటారు. గోడకు రంధ్రం పెట్టక్కర్లేదు. రోజువారీ లెక్క నిలకడగా ఉంటే కొంత ధైర్యంగా ఉండొచ్చు. నెలనెలకూ వేగం పుంజుకుంటే వెంటనే ఊతం ఇవ్వాలి. ట్యూరిన్ పాలిటెక్నిక్‌కు చెందిన అల్బెర్తో కార్పింతేరి బృందం ఇటలీలోనే అల్బా పట్టణపు మధ్యయుగ గోపురాలను ఇలాగే విన్నది.

నా చేతిలో ఉన్న పరికరం మాత్రం గాజుముక్క. కొన్నేళ్ల కిందట ఒక పాత గుడి గోపురంలో, లోపలి మెట్ల పక్కన బీట మీద అడ్డంగా అంటించాను. బీట కదిలితే గాజు పగలాలి. మూడో నెలలో పగిలింది. రాసి ఇచ్చాను. బ్రహ్మోత్సవాలు దగ్గర పడ్డాయని బీటలో సిమెంటు కూరి రంగేశారు. సున్నపు గోడ తడిని బయటికి వదిలేస్తుంది, సిమెంటు దాన్ని లోపలే బంధిస్తుంది. ఆ బీట అక్కడే ఉంది, చూసే వీలే పోయింది. ఇప్పటికీ ఆ ఊరి మీదుగా బస్సు వెళ్తుంటే తల ఎత్తి గోపురం ఉందో లేదో చూస్తాను.

సెన్సర్ పెడితే సర్వం తెలిసిపోతుందని నేను చెప్పను. పాత గోడలో చప్పుడు దూరం పోదు, ఒక్కో సెన్సర్‌కు చుట్టూ కొద్ది మీటర్లే వినపడుతుంది. కాబట్టి ఎక్కడ పెట్టాలో అనుభవమున్న కన్ను ముందు చూడాలి. మేళతాళాలు, జనరేటరు, వాన, పావురాలు కలిగించే రొద వేరుచేయాలి. ఎండకు గోడ సాగి, రాత్రికి ముడుచుకుంటుంది, ఆ చప్పుళ్లూ లెక్కలోకి వస్తాయి. అందుకే వేసవి, వానాకాలం, చలికాలం కలిపి కనీసం ఏడాది వినాలి. ఆ అంకెలు చదివే మనిషి ఉండాలి. ఈ పని మన ఇంజనీరింగ్ కళాశాలల సివిల్ విభాగాలు చేయగలవు, పిల్లలకు ఇంతకన్నా మంచి పాఠం ఏముంటుంది?

రెండు తెలుగు రాష్ట్రాల దేవాదాయ, పురావస్తు శాఖలకు నా విన్నపం. మూడు వందల ఏళ్లు దాటిన గోపురాల జాబితా తీయండి. బీటలున్నవాటితో మొదలుపెట్టండి. ఉత్సవాల ముందు రంగులకోసం పరంజా ఎలాగూ కడతారు. ఈసారి ఆ పరంజా విప్పేలోపే సెన్సర్లు అంటించండి.