పని చెప్పాల్సింది పల్లెవాళ్లే

పొలంలో పనిచేసి, బదులుగా తిండీ బసా పొందే స్వచ్ఛంద యాత్ర 1971లో ఇంగ్లండ్‌లో మొదలైంది. లండన్‌లో సెక్రటరీగా పనిచేసే స్యూ కాపర్డ్ వారాంతాల్లో కొందరు నగరవాసులను ససెక్స్‌లోని ఒక సేంద్రియ వ్యవసాయ క్షేత్రానికి తీసుకెళ్లారు. ‘వూఫ్’ అనే అంతర్జాతీయ వ్యవస్థకు అదే నాంది. ఇందులో సాధారణంగా రోజుకు నాలుగు నుంచి ఆరు గంటలు పనిచేయాలి. అతిథికీ రైతుకూ మధ్య డబ్బు చేతులు మారదు. ఇప్పుడిది వందకు పైగా దేశాలకు విస్తరించింది. వాటిలో ఉష్ణమండల దేశాలూ చాలానే ఉన్నాయి.

అయితే చల్లని దేశంలో పుట్టిన ఏర్పాటు ఉష్ణమండల పల్లెకు ఉన్నదున్నట్టు అతకదు. ఇక్కడి వేడికి నేలలోని సేంద్రియ పదార్థం త్వరగా కుళ్లి హరించుకుపోతుంది. జడివానలకు పోషకాలు లోపలి పొరల్లోకి దిగిపోతాయి, పైమట్టి కొట్టుకుపోతుంది. అందుకే నేలను ఒట్టిగా వదలకుండా ఆకుచెత్తతోనో, పచ్చిరొట్టతోనో, చెట్ల నీడతోనో ఏడాది పొడవునా కప్పి ఉంచడమే ఇక్కడి సుస్థిర సేద్యానికి ప్రాణం. ఆ పనికి అదునూ పదునూ తెలియాలి. తొలకరి పడ్డాక విత్తడానికి దొరికేది కొద్ది రోజులే. సెలవుల్లో వచ్చిన విద్యార్థి ప్రయాణం ఆ రోజులతో కలిసిరావడం అరుదు. రెండు వారాలు ఉండి వెళ్లేవారికి పైరేదో కలుపేదో చూపించడంతోనే రైతుకు సగం కాలం గడిచిపోతుంది. కూలిపై బతికే కుటుంబాలున్న ఊళ్లో కూలి అడగని మనుషులు దిగితే నష్టపోయేదెవరు? రుసుము తీసుకుని యాత్రికులను పంపే సంస్థలు ముందుగా జవాబు చెప్పాల్సిన ప్రశ్న ఇది.

బయటివారి శ్రమ నిజంగా అక్కరకు వచ్చిన చోట్లూ ఉన్నాయి. పుదుచ్చేరి దగ్గర ఆరోవిల్ శివార్లలోని సాధనా ఫారెస్ట్ అలాంటిది. పైమట్టి కొట్టుకుపోయి బీడుపడిన 70 ఎకరాల్లో 2003 డిసెంబరులో అవిరామ్, యోరిత్ రోజిన్ దంపతులు అడవి పెంపకం మొదలుపెట్టారు. దేశవిదేశాల స్వచ్ఛంద సేవకులు అక్కడ గట్లు వేశారు, కందకాలు తవ్వారు, కోరమాండల్ తీరానికి సహజమైన శుష్క సతతహరిత అడవిని తిరిగి పెంచడానికి మొక్కలు నాటారు. మన శ్రీహరికోట దీవిలో మిగిలి ఉన్నదీ ఈ రకం అడవే. ఇక్కడి పని స్వచ్ఛంద సేవకులకు సరిగ్గా నప్పుతుంది. కందకం కొంచెం వంకరపోతే మళ్లీ సరిచేసుకోవచ్చు. ఏ రైతు కుటుంబమూ ఆ ఏడాది పంట పోగొట్టుకోదు. పైగా సేవకులు మారుతున్నా పనిని ఏళ్ల తరబడి నడిపించేవారు అక్కడే ఉన్నారు.

సేద్యపు నేర్పు ఒక పల్లె నుంచి మరో పల్లెకు చేరే దారి మాత్రం వేరు. 1970లలో గ్వాటెమాలాలోని చిమాల్తెనాంగో ప్రాంతపు కఖ్చికెల్ మాయా రైతులు వాలు భూముల్లో సమతల రేఖల వెంట కందకాలు తీసి మట్టిని నిలబెట్టారు. తాము నేర్చినదాన్ని పొరుగు రైతులకు పొలంలోనే చేసి చూపారు. 1980ల తొలినాళ్ల అంతర్యుద్ధ హింసాకాండలో చెదిరిపోయినవారు ఆ విద్యను మెక్సికోకు, హోండురాస్‌కు తీసుకెళ్లారు. ఆ దశాబ్దంలోనే అది నికరాగ్వాకు చేరి, ‘కాంపెసీనో ఆ కాంపెసీనో’, అంటే రైతు నుంచి రైతుకు, అనే ఉద్యమంగా ఎదిగింది. ఆ ప్రాంతపు మొక్కజొన్న చేలలో దూలగొండి జాతి తీగను పచ్చిరొట్టగా పెంచడం ఇలా పాకిన పద్ధతుల్లో ఒకటి. 1998 అక్టోబరు చివర మిచ్ తుపాను మధ్య అమెరికాలో పదివేల మందికి పైగా ప్రాణాలు తీసింది. తరువాత హోండురాస్, నికరాగ్వా, గ్వాటెమాలాల్లో వందలాది పొలాలను జతలుగా పోల్చి చూస్తే, ఈ పద్ధతులు పాటించిన చేలలో పైమట్టి, తేమ ఎక్కువగా నిలిచాయి. క్యూబాలో చిన్న రైతుల సంఘం 1997లో ఈ దారి పట్టాక పదేళ్లు దాటేసరికి లక్షకు పైగా కుటుంబాలు అందులో చేరాయి. ఈ యాత్రికులెవరూ సెలవులకు వచ్చినవారు కారు. సొంత పొలమున్న రైతులు, సాటి రైతు గడపకు వెళ్లినవారు.

ఆంధ్రప్రదేశ్ ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం నడిచింది కూడా ఈ బాటలోనే. 2016 నుంచి రైతు సాధికార సంస్థ దీన్ని మహిళా స్వయం సహాయక సంఘాల ఆసరాతో నడుపుతోంది. సొంత పొలంలో జీవామృతం వాడి, నవధాన్య సాగు చేసి గెలిచిన రైతులే ఇతర రైతులకు నేర్పుతున్నారు. వ్యవసాయ పట్టభద్రులైన యువతీ యువకులు కూడా పల్లెల్లో నివాసముండి ఈ సాగు చేస్తున్నారు. 2024లో ఈ కార్యక్రమానికి అంతర్జాతీయ పురస్కారమైన గుల్బెంకియన్ బహుమతి దక్కింది.

కాబట్టి దూరం నుంచి వచ్చే స్వచ్ఛంద సేవకుడిని కాదనక్కర్లేదు. అతని పాత్రను సరిదిద్దాలి. నర్సరీ పెంపకం, విత్తనాల నమోదు, చెరువు పూడికతీత వంటి పనుల్లో అతని శ్రమ చెల్లుతుంది. విత్తడం, కోయడం ఊరి కూలీల చేతుల్లోనే ఉండాలి. అతను చెల్లించే రుసుములో ఎంత భాగం ఊరికి చేరుతుందో రైతు సంఘానికి తెలియాలి. ఏ పని, ఏ నెలలో, ఎందరితో అన్నది ఆ సంఘమే నిర్ణయించాలి. పల్లెకు వెళ్లాలనుకునే యువత కనీసం ఒక పంటకాలం ఉండేలా సిద్ధపడాలి. అది వీలుకానివారు సంఘం చెప్పిన పని చేసి రావాలి, సలహాలు చెప్పడానికి మాత్రం వెళ్లకూడదు.