రంగమా, లుంబినియా?

వానలు వెనుకబట్టిన కొలది విజయనగరము, శ్రీకాకుళము పట్టణములలో మోటారు సైకిళ్లు గల యువకుల నడుమ ఒక చర్చ సాగుచుండును: ఈ మారు సరిహద్దు దాటి ఏ దేశమునకు పోవుదము? ఒకరు వియత్నా మనగా మరియొకరు థాయిలాండు అందురు. అచట అద్దెబండిపై నాలుగు దినములు తిరిగి వచ్చినవారు దానినే మోటారు సైకిలు యాత్ర యనుచున్నారు. అందులో తప్పు లేదు గాని అది నిజమునకు విమానయాత్రయే. ఇంటి గుమ్మమునుండి స్వంత బండిపై బయలుదేరి, భాష మారుట, భోజనము మారుట, నేల రంగు మారుట క్రమముగా చూచుచు పరదేశము ప్రవేశించుటయే ఈ వాహనమునకు తగిన యాత్ర యని నా అభిప్రాయము.

ఈ కొలతతో చూచినచో మనవారికి మొదట తోచవలసినది బర్మా. మన పల్లెలలో పెద్దలు రంగూనును ‘రంగం’ అనెడివారు. కళింగపట్నము, భీమునిపట్నము రేవులలో పొగయోడ లెక్కి వేలాదిమంది అచటి ధాన్యపు మిల్లులకు, ఓడరేవునకు కూలికి పోయిరి. 1942లో జపాను సేనలు ముంచుకొని వచ్చినపుడు లక్షలాది భారతీయులు బర్మా విడిచిరి. కాలినడకను వచ్చినవారి దారులలో ఒకటి టామూ మీదుగా మణిపురమున ప్రవేశించునది. 1962 తరువాత నే విన్ ప్రభుత్వ కాలమున వచ్చినవారి గురుతు విశాఖలో ‘బర్మా క్యాంపు’ అను పేరున నేటికిని నిలిచియున్నది.

తాతలు ప్రాణములు అరచేత పట్టుకొని నడచిన ఆ టామూ దారినే 2018 ఆగస్టులో వీసాగల యాత్రికులకు తెరచిరి. మోరే నుండి థాయిలాండులోని మే సోట్ వరకు సుమారు 1,360 కిలోమీటర్ల త్రిదేశ రాజమార్గమును కూడ తలపెట్టిరి. మనుమలు బండ్లపై పోవుటకు ఇంతకంటె తగిన దారి ఏది? కాని 2020లో కరోనా వలన అది మూతపడెను. 2021 ఫిబ్రవరిలో బర్మా సైన్యము అధికారమును చేజిక్కించుకొనెను. 2023 మేలో మణిపురమే అట్టుడికెను. అంతర్యుద్ధమున నలిగిన దేశములోనికి విహారమునకు పోవుట సాహసము గాదు, ఆ ప్రజల దుఃఖమునకు అగౌరవము. తాతగారి రంగం చూడవలెనను కోరిక ఎంత న్యాయమైనదైనను ఇప్పటికి అణచుకొనవలసినదే.

భూటాను మనోహరమే, అయితే మన దేశీయులు కూడ మనిషికి రాత్రికి 1,200 రూపాయల రుసుము చెల్లింపవలెను. శ్రీలంకకు బండి కొనిపోవలెనన్న ‘కార్నే’ యను పూచీపత్రము, దానికై బండి విలువనుబట్టి హామీ సొమ్ము కావలెను. క్రొత్తగా ఉద్యోగమున చేరినవానికి ఇవి బరువులే.

కావున నేను నేపాళమును, అందును మొదట లుంబినిని సూచించెదను. వంశధార ఒడ్డున శాలిహుండము, విజయనగరము చెంత రామతీర్థము — బౌద్ధ శిథిలములు మన పెరటిలోనే యున్నవి. అచటినుండి బయలుదేరి ఇచ్ఛాపురము దాటి కొంతదూరము పోయినచో ఋషికుల్యా తీరమున జౌగడ కలదు. అందలి బండపై అశోకుని శాసనములు చెక్కబడినవి. కళింగయుద్ధమునకు పశ్చాత్తాపము తెలుపు 13వ శాసనము మాత్రము ఆ బండపై లేదు. ఓడినవారికే దానిని వినిపించుటకు చక్రవర్తికి మొగమాటము కాబోలు! ఆపై ఒడిశా, ఝార్ఖండుల మీదుగా బోధగయ, అటనుండి గోరఖ్‌పూరు, సునౌలీ. సరిహద్దు దాటిన పిమ్మట లుంబిని ఎంతో దూరము లేదు. పట్టాభిషేకమైన 20వ ఏట అశోకుడు స్వయముగా వచ్చి నిలిపిన స్తంభ మచట నున్నది. బుద్ధుడు పుట్టిన చోటని ఆ గ్రామమునకు పన్ను తగ్గించినట్లు దానిపై వ్రాసియున్నది. కళింగమును గెలిచినవాడు ఎచట తల వంచెనో అచటికి కళింగపు బిడ్డలు రెండువేల రెండువందల ఏండ్లకు పైబడిన తరువాత పెట్రోలు పోయించుకొని చేరుట నాకెంతో ముచ్చటగా తోచును.

వీసా అక్కరలేదు, పాస్‌పోర్టుగాని ఓటరు గుర్తింపుకార్డుగాని చాలును, ఆధారు చెల్లదు. బండి కాగితముల అసలు ప్రతులు చూపి, ‘భన్సారు’ అను సుంకపు కచేరీలో దినముల లెక్కన సొమ్ము కట్టవలెను. మన భీమా నేపాళమున వర్తించుటకు ముందుగనే అదనపు ప్రీమియము చెల్లింపవలెను. మనవారు తరచు మరచునది ఇదే. లుంబిని నుండి పోఖరాకు భారతదేశ సాయముతో వేసిన సిద్ధార్థ రాజమార్గము కొండలలో మెలికలు తిరుగుచు పోవును. వానకాలమున అచట కొండచరియలు విరిగిపడుచుండును గనుక కార్తికమున పోవుట మేలు.

నేపాళము కూడ ఒక విదేశమా యని పెదవి విరుచువారు కలరు. సునౌలీ ద్వారము దాటి గడియారమును పదునైదు నిమిషములు ముందునకు త్రిప్పుకొనునపుడు వారికే తెలియును.