ముత్తాత పేరు కాగితం మీదికి రావాలె

తమ్ముడూ, చెల్లే! మీ ముత్తాత పేరు చెప్పగలరా? కొమురం భీం పేరు చరిత్రకెక్కింది. పోడు కొట్టి, బావి తవ్వి, ఊరు నిలిపిన మామూలు మనిషి పేరు ఎవరు రాస్తరు? మనమే రాయాలె.

ఇది ఉత్త ముచ్చట కాదు, భూమి సంగతి. అటవీ హక్కుల చట్టం 2007 నిబంధనల్లో 13వది చదవండి. పాత రికార్డులో ఉన్న మనిషి దాకా చూపే వంశవృక్షం సాక్ష్యమే. దరఖాస్తుదారు కాని పెద్దమనుషుల మాట రాతలో పెడితే అదీ సాక్ష్యమే. పాత బావి, బొందలగడ్డ, దేవుళ్ల జాగా కూడా అంతే. అయితే ఒక్కటి చాలదు, రెండైనా జతచేయాలె. ఫలానా కాగితమే తెమ్మని డివిజన్, జిల్లా కమిటీలు పట్టుబట్టకూడదని 2012 సవరణ చెప్తోంది.

అందుకే అవ్వ ఉన్నప్పుడే పక్కన కూసోండి, ఫోన్‌లో రికార్డు చేయండి. ఇంటిపేరు, గోత్రం, ఏ ఊరి నుంచి ఎందుకు వచ్చారు, ఎవరిని ఎక్కడ పూడ్చారు, అన్నీ అడగండి. ఏడాది గుర్తులేకపోతే కరువునో జాతరనో ఆనవాలు పట్టండి. తెలంగాణలోనైతే 1954–55 ఖాస్రా పహాణీలో ఆ పేరు వెతకండి. పట్వారీ రాతలో మన పేర్లు వంకర పోయి ఉండొచ్చు, జాగ్రత్తగా చూడండి.

రాసినంక ఒక నకలు గ్రామసభ అటవీ హక్కుల కమిటీకి ఇవ్వండి. జోహార్!