పచ్చికబయళ్ళ శాస్త్రజ్ఞుడు

వైద్యము, ఇంజనీరింగు తప్ప మన విద్యార్థుల దృష్టికి మరొక వృత్తి ఆనడం లేదు. పశువుల మేత కూడా ఒక శాస్త్రమేనంటే నవ్వేవారున్నారు. అమెరికాలో ఆర్థర్ శాంప్సన్ 1907లో, ఓరెగాన్ రాష్ట్రపు కొండలలో గొర్రెల మందలు మేసి బోడిచేసిన బయళ్ళను పరిశీలిస్తూ ఆ వృత్తిని ఆరంభించారు. మేతను నిషేధించమని ఆయన అనలేదు. గడ్డి గింజ పండేవరకు బయలులో ఒక భాగాన్ని విడిచిపెట్టి, ఆ తరువాతనే మందను తోలమన్నారు. విత్తనాన్ని మట్టిలోకి తొక్కే పని గిట్టలే చేస్తాయన్నారు. ఈ సంగతి మన కాపరులకు కొత్త కాకపోవచ్చు. దానిని కొలిచి, వ్రాసి, నిరూపించడమే శాంప్సన్ జీవితకృషి. 1912 నుండి పదేళ్ళు యూటాలోని ప్రయోగకేంద్రంలోను, అనంతరం 1951 వరకు బర్కిలీ విశ్వవిద్యాలయంలోను గడిపారు. మన దేశంలోనూ ఝాన్సీలో 1962లో పచ్చిక, పశుగ్రాస పరిశోధన సంస్థ వెలసింది. ఆ సంస్థ పేరు మన వృత్తి మార్గదర్శన సభలలో ఒక్కసారైనా వినిపించేటట్లు చూడవలసిందిగా కళాశాల కమిటీవారిని కోరుతున్నాము.