ట్రాక్టరు మనది, తాళం కంపెనీది

ఒకప్పుడు ట్రాక్టరు ఆగిపోతే ఊరి మెకానిక్ పానాలు పట్టుకుని వచ్చేవాడు. సాయంత్రానికి బండి మళ్లీ దుక్కిలోకి దిగేది. కొత్తగా వస్తున్న యంత్రాల్లో ఇంజనుతో పాటు కంప్యూటర్ కూడా ఉంటోంది. సెన్సార్ చెడితే పానాతో పని జరగదు, కంపెనీ సాఫ్ట్‌వేర్ కావాలి. అది రైతు చేతికి రాదు.

అమెరికా రైతులకు ఈ బెడద ఇప్పటికే అనుభవంలోకి వచ్చింది. జాన్ డీర్ కంపెనీ యంత్రాల్లో లోపాన్ని పట్టుకుని సరిచేసే పూర్తిస్థాయి సాఫ్ట్‌వేర్ అధీకృత డీలర్ల దగ్గరే ఉంటోందని, దానివల్ల రైతులపై అదనపు ఖర్చు పడుతోందని ఆరోపిస్తూ అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2025 జనవరిలో కేసు వేసింది. కోతల వేళ, మబ్బు పట్టిన ఆకాశం కింద డీలర్ మనిషి కోసం ఎదురుచూసే రైతు బాధ మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇందులో మరో అన్యాయం దాగి ఉంది. ఇలాంటి యంత్రాల్లోని సాఫ్ట్‌వేర్ అంతా కంపెనీ సొంతం కాదు. 1991 నుంచి ప్రపంచవ్యాప్తంగా వేలాది మంది కలిసి రాస్తున్న లినక్స్‌ను అనేక కంపెనీలు తమ పరికరాల్లో వాడుకుంటున్నాయి. దానికి జీపీఎల్ అనే లైసెన్సు ఉంది. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. ఒక్కటే షరతు: కొన్నవారికి దాని సోర్స్ కోడ్, అంటే ప్రోగ్రామర్లు రాసిన అసలు రాత, ఇవ్వాలి. దాన్ని తిరిగి తయారుచేసి యంత్రంలో ఎక్కించే స్క్రిప్టులు కూడా ఇవ్వాలి. పొరుగువాని గాదె నుంచి విత్తనం బదులు తెచ్చుకున్నవాడు పంట చేతికొచ్చాక తిరిగి కొలిచి ఇవ్వాలి కదా! ఇదీ అంతే.

ఈ షరతును జాన్ డీర్ సరిగా పాటించడం లేదని సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ కన్జర్వెన్సీ అనే సంస్థ 2023 మార్చిలో బహిరంగంగా ఆరోపించింది. రైతులు తమ యంత్రాలను తామే బాగుచేసుకోవడానికి ఆ కోడ్ అవసరమని చెప్పింది. ఊరంతటి విత్తనం తెచ్చుకుని, పండిన పంటకు తాళం వేసుకోవడాన్ని ఏమనాలి?

డ్రైవర్లది ఇంకో మెలిక. కెమెరా, మోడెమ్, జీపీఎస్ వంటి ప్రతి భాగాన్ని నడిపించే చిన్న ప్రోగ్రామ్‌ను డ్రైవర్ అంటారు. చాలా కంపెనీలు వీటిని రహస్యంగా ఉంచుతాయి. కంపెనీ అప్‌డేట్లు ఆపేసిన రోజున బాగున్న భాగం కూడా తుక్కుగా మారవచ్చు.

భద్రత, కాలుష్య నిబంధనలు దెబ్బతింటాయని కంపెనీలు వాదిస్తాయి. నిబంధనలు ఉల్లంఘించినవారిపై చర్య తీసుకోవడానికి చట్టాలున్నాయి. ఎవరో తప్పు చేస్తారేమోనన్న సాకుతో ప్రతి రైతు చేతులూ కట్టేయడం న్యాయం కాదు. కొలరాడో రాష్ట్రం ఈ వాదనకు లొంగలేదు. వ్యవసాయ యంత్రాల రిపేరు హక్కుకు 2023లో చట్టం చేసి, 2024 జనవరి 1 నుంచి అమలులోకి తెచ్చింది.

మన దేశంలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో రిపేరు హక్కుపై కమిటీ వేసింది. వ్యవసాయ పరికరాలను కూడా ఆ జాబితాలో చేర్చింది. అదే ఏడాది డిసెంబరులో పోర్టల్ తెరిచింది. పోర్టల్ వేరు, చట్టం వేరు. మరోవైపు నమో డ్రోన్ దీదీ పథకం కింద 15,000 డ్రోన్లను మహిళా సంఘాలకు 80 శాతం సబ్సిడీతో, గరిష్ఠంగా రూ.8 లక్షల వరకు సాయంతో ఇవ్వాలని ప్రభుత్వం నిర్ణయించింది. ప్రజాధనంతో కొనే ఆ డ్రోన్ పాడైతే బాగుచేసే హక్కు ఎవరిది?

అందుకే మేము డిమాండ్ చేస్తున్నాం. రిపేరు హక్కుకు చట్టబద్ధత కల్పించాలి. సబ్సిడీ పొందే ప్రతి యంత్రానికీ రిపేరు పుస్తకం, విడిభాగాలు, లోపం పట్టే సాఫ్ట్‌వేర్ సరసమైన ధరకు అందరికీ దొరకాలి. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లైసెన్సు షరతులు పాటించని కంపెనీలకు సబ్సిడీ జాబితాలో చోటు ఉండకూడదు.

విత్తనం దాచుకునే, పంచుకునే హక్కును 2001 చట్టంలో రైతు హక్కుగా రాయించుకున్నాం. అదే పట్టుదల ఇప్పుడు యంత్రం విషయంలోనూ చూపాలి. కొత్త యంత్రం కొనేముందు సంఘ సభ్యులు డీలర్‌ను ఒక్క ప్రశ్న అడగండి: ఇది చెడిపోతే మా ఊళ్లో బాగుచేయించుకోగలమా? జవాబును కాగితం మీద రాయించుకోండి.