కెల్స్ పబ్‌లో ఎర్రజుట్టు పాప

సియాటిల్‌లో పనిచేసే మనవాళ్లకి పైక్ ప్లేస్ మార్కెట్ అంటే ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని తిప్పే చోటు. ఆ పక్క సందులో కెల్స్ అనే ఐరిష్ పబ్ ఉంది. అక్కడికి మాత్రం ఫ్రెండ్స్‌తోనే వెళ్తాం లెండి! ఎర్రజుట్టు చిన్నపాప తిరుగుతుందట. చార్లీ అనే పెద్దాయన అద్దంలో కనిపిస్తాడట. గ్లాసులు వాటంతటవే పడతాయట.

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. లాగ్ చూపించందే బగ్ కూడా ఒప్పుకోను. కానీ ఈ బిల్డింగ్‌కి లాగ్ ఉంది. 1903లో దీన్ని కట్టించింది బటర్‌వర్త్ అండ్ సన్స్. వాళ్ల పని శవాల్ని అంత్యక్రియలకి సిద్ధం చేయడం. 1923 దాకా ఇక్కడే ఉన్నారు. అంటే 1918 ఫ్లూ కూడా ఇక్కడే చూశారు.

నన్ను పట్టుకున్న కథ మాత్రం 1911 నాటిది. ఆ వేసవిలో మార్గరెట్ కాన్వే అనే ఆవిడ ఆస్ట్రేలియా నుంచి వచ్చింది. చిన్నప్పుడు తను పెంచిన క్లెయిర్ విలియమ్సన్ చనిపోయిందని చెప్పి, బటర్‌వర్త్ వాళ్ల దగ్గర శవం చూపించారు. ముఖం, చేతులు, జుట్టు రంగు... ఏవీ తన పిల్లవిలా అనిపించలేదు.

క్లెయిర్, డోరా బ్రిటన్‌కి చెందిన అక్కచెల్లెళ్లు. బాగా డబ్బుంది. ఉన్నవి చిన్నాచితకా నలతలే. పేపర్లో లిండా హజార్డ్ పుస్తకం ప్రకటన చూశారు. ఇప్పటి లెక్కలో స్పాన్సర్డ్ రీల్ అనుకోండి. ఉపవాసంతో రోగాలన్నీ పోతాయని ఆవిడ ప్రచారం. మెడికల్ డిగ్రీ లేదు, చట్టంలో సందు దొరికి లైసెన్స్ మాత్రం వచ్చింది. రోజూ కొంచెం పల్చటి టమాటా చారు, గంటల తరబడి ఎనిమాలు. 'విషాలు బయటికి పోతున్నాయి' అనేవాళ్లు. 'డీటాక్స్' అనే మాట విన్నప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది. పోయేనాటికి క్లెయిర్ బరువు సుమారు 23 కిలోలు.

డోరా బతికే ఉంది, ఎముకల గూడులా. కాన్వే వెళ్లేసరికి హజార్డ్ ఒంటిమీద క్లెయిర్ బట్టలున్నాయి! చివరికి వాళ్ల బంధువు డబ్బు కట్టి డోరాని విడిపించాల్సి వచ్చింది.

1912లో హజార్డ్‌కి శిక్ష పడింది. దాదాపు రెండేళ్లే జైల్లో ఉంది, తర్వాత గవర్నర్ క్షమాభిక్ష కూడా దొరికింది. 1920లో తిరిగొచ్చి మళ్లీ అదే వైద్యం మొదలుపెట్టింది. 1938లో తన మీద తనే ఉపవాసం ప్రయోగించుకుని పోయింది. ఆవిడ దెయ్యం గురించి మాత్రం కెల్స్‌లో నేనెప్పుడూ వినలేదు.